తంత్రికి గళమిచ్చిన చార్లీ క్రిస్టియన్

పాఠ్యాంశ ఉద్దేశం

కళాకారుని మనస్సులో మెదిలే భావానికి తగిన సాధనం లభించినప్పుడే ఆ కళ సంపూర్ణంగా లోకానికి అందుతుంది. జాజ్ సంగీతంలో గిటార్‌కు స్వతంత్రమైన స్థానాన్ని సంపాదించి పెట్టిన అమెరికన్ వాద్యకారుడు చార్లీ క్రిస్టియన్ జీవితం ద్వారా ఈ సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం, పేదరికం, వర్ణవివక్ష, వ్యాధి చుట్టుముట్టినా విడువని సాధనను పరిచయం చేయడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

పాఠ్యాంశం

ప్రతి వాద్యానికీ తనదైన గొంతు ఉంటుంది. ఆ గొంతు ఎంత దూరం వినిపిస్తుందో ఆ వాద్య నిర్మాణమే నిర్ణయిస్తుంది. ఊరేగింపులో నాగస్వరం నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. అదే ఊరేగింపులో వీణను వాయిస్తే పక్కన నడిచేవారికి సైతం వినపడదు. అంతమాత్రాన వీణ తక్కువ వాద్యమని ఎవరూ అనరు. మృదువైన నాదం గల వాద్యం సందడిలో మూగపోవడం సహజం. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికాలోని జాజ్ మేళాలలో గిటార్‌కు పట్టిన గతి ఇదే. ఆ మూగతనాన్ని పోగొట్టి, గిటార్‌ను మేళం వెనుక వరుస నుండి ముందు వరుసకు తెచ్చిన వారిలో అగ్రగణ్యుడు చార్లీ క్రిస్టియన్. ఆయన జీవించినది ఇరవై అయిదు సంవత్సరాలు. అందులో ప్రసిద్ధమైన మేళంతో కలిసి వాయించినది రెండు సంవత్సరాల లోపే. ఆ స్వల్ప కాలంలోనే ఒక వాద్యపు చరిత్ర మలుపు తిరిగింది.

జాజ్ సంగీతం అమెరికా దక్షిణ ప్రాంతంలో, ముఖ్యంగా న్యూ ఆర్లియన్స్ నగరంలో, ఆఫ్రికన్ అమెరికన్ ప్రజల మధ్య పుట్టి పెరిగింది. మన కర్ణాటక సంగీతంలో మనోధర్మానికి ఎంత స్థానముందో జాజ్‌లో అప్పటికప్పుడు కల్పించి వాయించే స్వరాలకు అంత స్థానముంది. అందరికీ తెలిసిన ఒక పాటను ఆధారంగా తీసుకొని, మేళంలోని వాద్యకారులు ఒకరి తరువాత ఒకరుగా తమ ఊహకు తోచిన స్వరాలను అల్లుతారు. ఇట్లా ఒక్కరే ముందుకు వచ్చి వాయించే భాగాన్ని సోలో అంటారు. 1930 తరువాత జాజ్ సంగీతం స్వింగ్ అనే పేరుతో నృత్యశాలలను ముంచెత్తింది. పన్నెండు మందికి పైబడిన ఆ పెద్ద మేళాలలో ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు, డ్రమ్ములు హోరెత్తించేవి. గిటార్ వాద్యకారుడు ఒక మూల కూర్చొని, తీగలన్నింటినీ ఒక్కసారిగా మీటుతూ లయకు ఊతమిచ్చేవాడు. అతనికి సోలో వాయించే అవకాశం చాలా అరుదు. ఇచ్చినా ఆ హోరులో వినిపించేది కాదు.

గిటార్ తయారీదారులు ఈ లోపాన్ని గుర్తించకపోలేదు. గిటార్ దేహం లోపల బోలుగా ఉంటుంది. వీణకు కుండ ఎట్లాగో గిటార్‌కు ఆ బోలు దేహం అట్లాగు. తీగ కంపించినప్పుడు పై చెక్క కంపిస్తుంది. లోపలి గాలి ఆ కంపనాన్ని పెంచుతుంది. ఆర్విల్ గిబ్సన్ అనే శిల్పి వయొలిన్‌ను ఆదర్శంగా తీసుకొని, బల్లపరుపుగా ఉండే పై చెక్కను నడుమ ఉబ్బెత్తుగా ఉండేటట్లు చెక్కాడు. ఆయన పేరుతో 1902లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో గిబ్సన్ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ 1922లో తెచ్చిన ఎల్-5 అనే గిటార్‌కు వయొలిన్‌కు ఉన్నట్లే ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు అమర్చారు. నాదం మరింత దూరం పోవడానికి దేహాన్ని క్రమంగా పెంచుతూ పోయారు. పదహారు అంగుళాల వెడల్పు పదిహేడు అయింది. 1934లో వచ్చిన సూపర్ 400 అనే గిటార్‌లో పద్దెనిమిదికి చేరింది. దాని పేరులోని నాలుగు వందలు దాని వెల. అప్పటి అమెరికాలో సామాన్యునికి అందని ధర అది. ఇంత చేసినా ట్రంపెట్ల వరుస ముందు గిటార్ నిలువలేకపోయింది. ఆ కాలంలోనే యూరప్‌లో జాంగో రైన్‌హార్ట్ గిటార్‌పై అద్భుతమైన సోలోలు వాయించాడు. అయితే 1934లో పారిస్‌లో ఏర్పడిన ఆయన పంచవాద్య బృందంలో డ్రమ్ములు గాని, ఊదే వాద్యాలు గాని లేవు. అన్నీ తంత్రీ వాద్యాలే. పెద్ద మేళం నడుమ గిటార్ గొంతు ఎట్లా వినిపించాలన్న ప్రశ్న అట్లాగే మిగిలిపోయింది.

ఈ ప్రశ్నకు తన వాద్యంతో సమాధానం చెప్పిన చార్లీ క్రిస్టియన్ 1916 జులై 29న టెక్సాస్ రాష్ట్రంలోని బాన్‌హామ్ అనే చిన్న పట్టణంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. అతని చిన్నతనంలోనే ఆ కుటుంబం ఓక్లహోమా నగరానికి తరలిపోయింది. తల్లిదండ్రులిద్దరూ సంగీతం తెలిసినవారే. ఎడ్వర్డ్, క్లారెన్స్ అతని అన్నలు. తండ్రి క్లారెన్స్ హెన్రీ విషజ్వరం బారినపడి చూపు కోల్పోయాడు. కుటుంబ పోషణకు ఆయనకు మిగిలింది సంగీతమొక్కటే. కొడుకులు చేయి పట్టుకొని నడిపిస్తుండగా ఆయన ధనికుల వీధులకు వెళ్ళి, ఇళ్ళ ముందు నిలిచి వాద్యాలు వాయించేవాడు. వాద్యం పట్టుకొనే వయస్సు రాని చార్లీ ఆ పాటలకు నాట్యం చేసేవాడు. ఇచ్చిన నాణేలతో ఇల్లు గడిచేది. తరువాత తండ్రి వద్దనే అతడు గిటార్ నేర్చుకొన్నాడు. పన్నెండేళ్ళ వయస్సులో తండ్రి మరణించగా, ఆయన వాద్యాలే చార్లీకి సంక్రమించిన ఆస్తి.

చార్లీ చదివిన డగ్లస్ పాఠశాలలో జీలియా బ్రో అనే సంగీతోపాధ్యాయిని ఉండేది. ఆమె శిక్షణలో ఆ పాఠశాల సంగీతానికి పెట్టింది పేరయింది. పాఠశాల మేళంలో చేరి టెనర్ శాక్సఫోన్ వాయించాలని చార్లీ కోరుకొన్నాడు. ఆమె ట్రంపెట్ వాయించమన్నది. దానిని ఊదితే పెదవి వికారమవుతుందని భయపడిన బాలుడు మేళాన్నే వదలుకొని బేస్‌బాల్ ఆటలోకి దిగాడు. అయితే గిటార్‌ను మాత్రం విడువలేదు. చేతిపనుల తరగతిలో ఇతర విద్యార్థులు నిత్యోపయోగ వస్తువులు చేస్తుంటే, అతడు చుట్టల పెట్టెలకు తీగలు బిగించి గిటార్లు తయారు చేసుకొన్నాడు. అదే పాఠశాలలో చదివి, 1952లో ఇన్‌విజిబుల్ మ్యాన్ అనే నవలతో ప్రఖ్యాతి పొందిన రాల్ఫ్ ఎల్లిసన్ ఈ సంగతిని తరువాతి కాలంలో ఒక వ్యాసంలో స్మరించుకొన్నాడు. చుట్టల పెట్టె అంటే పలుచని చెక్కతో చేసిన బోలు పేటిక. తీగ, బోలు, గాలి అనే మూడింటి చెలిమిని ఆ బాలుడు తన చేతులతోనే తెలుసుకొన్నాడు.

శాక్సఫోన్ మీది మమకారం కూడా అతనిని విడువలేదు. 1929 ప్రాంతంలో లెస్టర్ యంగ్ అనే యువ శాక్సఫోన్ వాద్యకారుడు ఓక్లహోమా నగరానికి వచ్చాడు. తొందరపాటు లేకుండా, మాట్లాడుతున్నట్లుగా, ఒక్కొక్క స్వరాన్నీ తరువాతి స్వరంతో ముడివేస్తూ పొడవైన వాక్యాల వలె సాగే వాదనం అతనిది. చార్లీ మనస్సులో ఆ శైలి గాఢంగా నాటుకొన్నది. నాటి గిటార్ వాద్యకారులు తీగలన్నింటినీ కలిపి మీటే పద్ధతికే పరిమితమై ఉండగా, ఈ బాలుడు ఒక్కొక్క తీగపై శాక్సఫోన్ వలె రాగాన్ని నడపాలని కలగన్నాడు. మనస్సులో శాక్సఫోన్ ఉన్నది. చేతిలో గిటార్ ఉన్నది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే అతని జీవితమంతా సాగిన సాధన.

పెద్దన్న ఎడ్వర్డ్ పియానో వాయిస్తూ ఆ నగరంలో ఒక మేళాన్ని నడిపేవాడు. 1931 ప్రాంతంలో రాల్ఫ్ హామిల్టన్ అనే గిటార్ వాద్యకారునితో కలిసి అతడు తమ్మునికి రహస్యంగా జాజ్ శిక్షణ ఇప్పించాడు. రోజ్ రూమ్, టీ ఫర్ టూ, స్వీట్ జార్జియా బ్రౌన్ అనే మూడు పాటలను ఆధారంగా చేసుకొని సోలో వాయించడం నేర్పారు. డీప్ డ్యూస్ అని పిలిచే వీధిలో రాత్రి పొద్దుపోయిన తరువాత వాద్యకారులు ఒకచోట చేరి పోటాపోటీగా వాయించుకొనేవారు. ఒకనాడు చార్లీని అక్కడికి తీసుకొని వెళ్ళారు. ఆ కుర్రవాడు ఒక పాట వాయించాడు. శ్రోతలు మళ్ళీ మళ్ళీ కోరగా మిగిలిన రెండూ వాయించాడు. నేర్చిన మూడు పాటలూ అయిపోయాయి. వీధి అంతా గగ్గోలెత్తిపోయింది. చార్లీ ఇల్లు చేరేలోగా ఆ వార్త తల్లి చెవిన పడింది. ఈ మూడు పాటలలో మొదటిదైన రోజ్ రూమ్ ఎనిమిదేళ్ళ తరువాత అతని భాగ్యరేఖను మార్చబోతున్నదని అప్పుడెవరికీ తెలియదు.

చార్లీ ఊహకు తగిన వాద్యం 1936లో అంగడికి వచ్చింది. గిబ్సన్ సంస్థ తయారు చేసిన ఆ గిటార్ పేరు ఈఎస్-150. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. అప్పటికే విద్యుత్తుతో పనిచేసే హవాయీ గిటార్లు వాడుకలో ఉన్నాయి. వాటిని ఒడిలో పరుండబెట్టి లోహపు కడ్డీతో జార్చుతూ వాయిస్తారు. మామూలుగా పట్టుకొని వేళ్ళతో తీగలు నొక్కి వాయించే గిటార్‌ను వేరుపరచడానికి స్పానిష్ అన్నారు. గిటార్, దానికి తోడుగా ఇచ్చే ఆంప్లిఫయర్, తీగ అన్నీ కలిపి వెల సుమారు 150 డాలర్లు. అందుకే ఆ సంఖ్య పేరులో చేరింది. సూపర్ 400 వంటి గిటార్లతో పోలిస్తే ఇది చిన్నది, నిరాడంబరమైనది.

దీని నిర్మాణాన్ని పరిశీలిస్తే చార్లీకి ఇదే ఎందుకు తగినదో అర్థమవుతుంది. పై భాగం ఉబ్బెత్తుగా చెక్కిన స్ప్రూస్ కర్ర. పక్కలు, వెనుక భాగం మేపుల్ కర్ర. లోపల అంతా బోలు. అంటే ఇది పాత పద్ధతిలోని బోలు గిటారే. దీనిని హాలో బాడీ గిటార్ అంటారు. కొత్తదల్లా తీగల కింద అమర్చిన పికప్ అనే పరికరం. వాల్టర్ ఫుల్లర్ రూపొందించిన ఆ పికప్‌లో పై చెక్క కింద రెండు బరువైన అయస్కాంతాలు, వాటితో కూడిన ఒక ఉక్కు పలక, ఆ పలక చుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలిస్తుంది. ఆ చలనం వల్ల రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. భౌతికశాస్త్రంలో విద్యార్థులు చదువుకొనే విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆంప్లిఫయర్ ఆ విద్యుత్తును అనేక రెట్లు పెంచి, స్పీకర్ ద్వారా తిరిగి ధ్వనిగా మారుస్తుంది.

పికప్ గ్రహించేది తీగ కంపనాన్నే అయినా, తీగ ఎట్లా కంపించాలో బోలు దేహం కూడా నిర్ణయిస్తుంది. పలుచని పై చెక్క తీగ శక్తిలో కొంత భాగాన్ని తాను తీసుకొంటుంది. అందువల్ల మీటిన వెంటనే స్వరం నిండుగా లేచి, తరువాత త్వరగా సద్దుమణుగుతుంది. ఒక స్వరం మరొక స్వరం మీద పేరుకుపోదు. వేగంగా అల్లే స్వరాలు విడివిడిగా, గుండ్రంగా వినిపిస్తాయి. పికప్‌ను మెడకు దగ్గరగా అమర్చడం వల్ల నాదంలో కీచుతనం తగ్గి మాధుర్యం పెరిగింది. అయితే ఈ బోలుతనంలో ఒక చిక్కు కూడా ఉంది. ధ్వనిని మితిమీరి పెంచితే, స్పీకర్ నుండి వెలువడిన నాదం తిరిగి గిటార్ చెక్కను కంపింపజేస్తుంది. ఆ కంపనం మళ్ళీ పికప్‌లో చేరి పెద్ద ఊళగా మారుతుంది. కనుక బోలు గిటార్ వాయించేవాడు ఎంత పెంచాలో, ఎక్కడ ఆపాలో తెలిసి ఉండాలి. ట్రంపెట్ పక్కన నిలువగలిగినంత గొంతు, కర్ర సహజ మాధుర్యం చెడనంత సంయమనం రెండూ కుదరాలి. ఆ మేళవింపు చార్లీకి పట్టుబడింది.

1936 తరువాతి సంవత్సరాలలో ఆయన విద్యుత్ గిటార్‌తో ఉత్తరాన మినెసోటా, నార్త్ డకోటా వరకు అనేక రాష్ట్రాలు తిరిగాడు. విద్యుత్ గిటార్ ప్రయోగాలలో పూర్వగామి అయిన ఎడ్డీ డర్హామ్‌తో పరిచయమైంది ఈ కాలంలోనే. చార్లీ విద్యుత్ గిటార్ వాయించిన మొదటివాడు కాడు. డర్హామ్ వంటివారు ఆయన కంటె ముందే ఉన్నారు. ఆ వాద్యానికి ప్రత్యేకమైన భాష ఉన్నదని లోకాన్ని ఒప్పించిన ఘనత మాత్రం ఆయనదే. ఓక్లహోమా మీదుగా వెళ్ళే ప్రసిద్ధ వాద్యకారులు ఆయనతో కలిసి వాయించి, ఆశ్చర్యపోయి, తాము పోయినచోటల్లా ఆయన పేరు చెప్పేవారు.

అట్లా విన్నవారిలో మేరీ లూ విలియమ్స్ అనే పియానో విదుషీమణి ఒకరు. ఆమె ఈ సంగతిని జాన్ హామండ్‌కు తెలిపింది. మరుగున ఉన్న ప్రతిభను వెదకి వెలికితీయడంలో హామండ్ దిట్ట. ఆయన 1939లో ఓక్లహోమాకు వెళ్ళి చార్లీ వాద్యాన్ని విన్నాడు. స్వింగ్ చక్రవర్తిగా పేరొందిన క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మాన్ మేళంలో ఈ యువకునికి చోటు కల్పించాలని నిశ్చయించాడు. 1939 ఆగస్టు 16న చార్లీ లాస్ ఏంజెలిస్ చేరుకొన్నాడు. గుడ్‌మాన్ మాత్రం ఆయనపై ఆసక్తి చూపలేదు. విద్యుత్ గిటార్ అంటే వింత వస్తువుగా చూసే రోజులవి. పగలు జరిగిన పరిచయం నిరాశనే మిగిల్చింది.

ఆ రాత్రి బెవర్లీ హిల్స్‌లోని విక్టర్ హ్యూగో రెస్టారెంట్‌లో గుడ్‌మాన్ మేళం కచేరీ ఉంది. గుడ్‌మాన్ భోజనానికి వెళ్ళిన సమయం చూసి హామండ్ చార్లీ ఆంప్లిఫయర్‌ను వేదికపైకి చేర్పించాడు. తిరిగివచ్చిన గుడ్‌మాన్ వేదికపై కొత్తవాణ్ణి చూసి అసంతృప్తి చెందాడు. నిండుసభలో ఆయనను దింపివేయడం బాగుండదు కనుక, ఆ కుర్రవానికి తెలిసి ఉండదని తలచిన ఒక పాటను ఎత్తుకొన్నాడు. ఆ పాట రోజ్ రూమ్. డీప్ డ్యూస్ వీధిలో మొట్టమొదట నేర్చిన పాట అది. తన వంతు రాగానే చార్లీ స్వరాలు అల్లడం మొదలుపెట్టాడు. ఒక వరుస ముగిసింది, గుడ్‌మాన్ మరొక వరుస వాయించమన్నాడు, ఆపైన మరొకటి. గ్రామఫోన్ రికార్డుపై మూడు నిమిషాలు పట్టే పాట ఆనాడు నలభై నిమిషాలకు పైగా సాగింది. క్లారినెట్ అడిగిన ప్రతి ప్రశ్నకూ గిటార్ సమాధానమిచ్చింది. కచేరీ ముగిసేసరికి చార్లీ గుడ్‌మాన్ మేళంలో సభ్యుడయ్యాడు. రాత్రికి రెండున్నర డాలర్లు సంపాదించే ఆయనకు వారానికి నూట యాభై డాలర్ల వేతనం లభించింది.

తెల్లవారు, నల్లవారు ఒకే వేదికపై కూర్చొనడం అమెరికాలో అరుదైన కాలమది. అనేక ప్రాంతాలలో బస చేసే హోటళ్ళు, భోజనశాలలు సైతం వేరువేరుగా ఉండేవి. గుడ్‌మాన్ తన చిన్న బృందంలో 1936 నాటికే టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ అనే నల్లజాతి వాద్యకారులను చేర్చుకొని ఆ కట్టుబాటును సడలించాడు. 1939లో ఏర్పడిన గుడ్‌మాన్ ఆరుగురి బృందంలో చార్లీ కుదురుకొన్నాడు. అదే సంవత్సరం అక్టోబరు 2న ఆ బృందం చేసిన మొదటి రికార్డింగులలో ఫ్లయింగ్ హోమ్, స్టార్ డస్ట్ పాటలతో పాటు రోజ్ రూమ్ కూడా ఉంది. డిసెంబరు 24న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో జరిగిన కచేరీలో ఆయన పాల్గొన్నాడు. 1940 ఆరంభానికి సంగీత పత్రికలు నిర్వహించిన అభిప్రాయ సేకరణలలో గిటార్ వాద్యకారులలో ప్రథమ స్థానం ఆయనదే.

1939 డిసెంబరులో డౌన్‌బీట్ అనే సంగీత పత్రికలో ఆయన పేరుతో ఒక వ్యాసం వెలువడింది. విద్యుత్తు రాకతో గిటార్ వాద్యకారులకు కొత్త జీవితం లభించిందనీ, ఇకనైనా వారు మేల్కొని తమ సత్తా చూపాలనీ ఆ వ్యాసం పిలుపునిచ్చింది. ఎన్నో ఏళ్ళుగా మేళంలో ఎవరికీ పట్టకుండా లయ అందిస్తూ కూర్చొన్న వాద్యకారులందరి పక్షాన పలికిన మాట అది. 1941 మార్చి 4న రికార్డు చేసిన సోలో ఫ్లయిట్ అనే రచనలో ఆ మాట నిజమైంది. అందులో పెద్ద మేళమంతా వెనుక నిలిచి ఊతమిస్తుండగా గిటార్ నాయక స్థానంలో సాగింది. ఏడేళ్ళ క్రితం పద్దెనిమిది అంగుళాల దేహంతో సాధ్యం కానిది ఈ నిరాడంబరమైన బోలు గిటార్‌తో సాధ్యమైంది. ఈ కాలంలో ఆయన అదే జాతికి చెందిన ఈఎస్-250 అనే గిటార్‌ను కూడా వాడాడు.

గుడ్‌మాన్ కచేరీ ముగిసిన తరువాత చార్లీ విశ్రమించేవాడు కాడు. న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతంలో మింటన్స్ ప్లేహౌస్ అనే చోటికి వెళ్ళి తెల్లవారేదాకా వాయించేవాడు. థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్, డిజ్జీ గిలెస్పీ వంటి యువ వాద్యకారులు అక్కడ కొత్త స్వరసంచారాలను, విలక్షణమైన లయలను అన్వేషించేవారు. కొన్నేళ్ళ తరువాత బీబాప్ పేరుతో జాజ్‌ను మార్చివేసిన ఉద్యమానికి అక్కడే బీజం పడింది. 1941 మే నెలలో జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి తన రికార్డింగ్ యంత్రంతో ఆ రాత్రులలో కొన్నింటిని భద్రపరచాడు. మూడు నిమిషాల హద్దు లేని ఆ రికార్డులలో చార్లీ ఊహ ఎంత దూరం పోగలదో నేటికీ వినవచ్చు.

అప్పటికే క్షయవ్యాధి ఆయన ఊపిరితిత్తులను తొలుస్తున్నది. 1940లోనే కొంతకాలం ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. వ్యాధిగ్రస్తునికి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, నిర్మలమైన గాలి ముఖ్య చికిత్సగా ఉన్న కాలమది. పొగతో నిండిన క్లబ్బులలో రాత్రంతా మేల్కొని వాయించే జీవితం ఆయన ఆరోగ్యాన్ని మరింత దెబ్బతీసింది. 1941 జూన్‌లో ఆయనను స్టేటన్ ద్వీపంలోని సీవ్యూ చికిత్సాలయంలో చేర్చారు. కోలుకొంటున్నాడని, త్వరలో కొత్త మేళాన్ని స్థాపిస్తాడని పత్రికలలో వార్తలు వచ్చాయి. అవి నిజం కాలేదు. 1942 మార్చి 2న చార్లీ క్రిస్టియన్ కన్నుమూశాడు. క్షయను లొంగదీసిన తొలి ఔషధమైన స్ట్రెప్టోమైసిన్‌ను శాస్త్రవేత్తలు కనుగొన్నది ఆ మరుసటి సంవత్సరం, 1943లో. రోగులకు అది అందుబాటులోకి రావడానికి ఇంకా కాలం పట్టింది.

ఆయన భౌతికకాయాన్ని జన్మస్థలమైన బాన్‌హామ్‌లో ఖననం చేశారు. ఆ సమాధిపై పేరు చెక్కిన శిల కూడా నిలపలేదు. 1994లో స్మారక శిలను ప్రతిష్ఠించారు గాని, అది సరియైన చోట లేదని 2013లో ఆ జిల్లా అధికారులు గుర్తించారు. సమాధి గుర్తు తప్పిపోయినా, ఆయన నాదం గుర్తు తప్పలేదు. ఈఎస్-150లోని పికప్‌ను లోకమంతా చార్లీ క్రిస్టియన్ పికప్ అనే పేరుతోనే పిలుస్తుంది. ఓక్లహోమాకే చెందిన బార్నీ కెసెల్ ఆ పికప్‌ను తన గిటార్‌కు అమర్చుకొని ప్రసిద్ధుడయ్యాడు. ఇండియానాపొలిస్ నగరవాసి వెస్ మాంట్‌గోమరీ ఇరవై ఏళ్ళ ప్రాయంలో చార్లీ రికార్డులు విని, గిటార్ కొనుక్కొని, ఆ సోలోలను చెవితో విని స్వరం స్వరం పట్టి నేర్చుకొని మహావాద్యకారుడయ్యాడు. 1990లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థ చార్లీని ఆ సంగీతానికి ప్రేరణనిచ్చిన పూర్వ విద్వాంసులలో ఒకరుగా గౌరవించింది. 1950 తరువాత బోలు లేని గట్టి దేహం గల విద్యుత్ గిటార్లు వెల్లువెత్తాయి. వాటిలో ఊళ తక్కువ. ధ్వని ఎంతయినా పెంచవచ్చు. అయినప్పటికీ జాజ్ వాద్యకారులలో ఎక్కువమంది బోలు గిటార్‌నే ఎంచుకొంటూ వచ్చారు. ఊపిరి తీసుకొని పలికినట్లుండే ఆ గుండ్రని స్వరం వారికి చార్లీ నుండి సంక్రమించిన వారసత్వం.

వాద్యం గొప్పదా, వాద్యకారుడు గొప్పవాడా అనే ప్రశ్నకు ఈ జీవితం చక్కని సమాధానం. ఈఎస్-150 గిటార్ డబ్బు చెల్లించిన వారెవరికైనా అంగడిలో లభించేది. కొన్నవారందరూ చార్లీ క్రిస్టియన్‌లు కాలేదు. మరొక వంక, ఆ గిటార్ రాకపోయి ఉంటే ఆయన ప్రతిభ ఓక్లహోమా వీధులలోని సందడిలో కలిసిపోయేది. ఏ వాద్యం కావాలో ఆయనకు ముందే తెలుసు. చుట్టల పెట్టెకు తీగలు బిగించిన నాటి నుండి ఆయన దానినే వెదకుతున్నాడు. అది చేతికి అందిన నాటికి అందులో పలికించవలసిన భాష ఆయన మనస్సులో సిద్ధంగా ఉంది. సాధనం కోసం ఎదురుచూసే కాలాన్ని కూడా సాధనగా మలచుకొన్నవాడు కనుకనే చార్లీ క్రిస్టియన్ తన స్వల్ప జీవితంలో చిరకాలం నిలిచే నాదాన్ని లోకానికి ఇచ్చాడు.

కఠిన పదాలు – అర్థాలు

అగ్రగణ్యుడు = మొదట లెక్కింపదగినవాడు
తంత్రి = తీగ
మనోధర్మం = అప్పటికప్పుడు కల్పించి పాడే లేదా వాయించే నేర్పు
సంక్రమించు = వారసత్వంగా లభించు
సంయమనం = అదుపు, నిగ్రహం
పూర్వగామి = ముందు నడిచినవాడు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చార్లీ క్రిస్టియన్ ఊహకు ఈఎస్-150 గిటార్ తగిన వాద్యమని ఎట్లా చెప్పవచ్చు? దాని నిర్మాణాన్ని ఆధారంగా చేసుకొని వివరించండి.
2. పేదరికం, వర్ణవివక్ష, వ్యాధి చార్లీ క్రిస్టియన్ జీవితంపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. స్వింగ్ మేళాలలో గిటార్ ఎందుకు వినిపించేది కాదు?
2. చార్లీ జీవితంలో రోజ్ రూమ్ పాటకు గల ప్రాధాన్యాన్ని తెలపండి.
3. బోలు గిటార్‌లో ఊళ ఎట్లా పుడుతుంది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. చార్లీ క్రిస్టియన్ ఎప్పుడు, ఎక్కడ జన్మించాడు?
2. చార్లీ గురించి జాన్ హామండ్‌కు తెలిపినది ఎవరు?
3. ఈఎస్ అనే అక్షరాలు దేనిని సూచిస్తాయి?